స్కాట్లండు దేశపు నిలువుఱాలును పుణ్యకూపములును

స్కాట్లండు దేశమునందలి పల్లెపట్టులఁ దిరుగువారికి రెండు విధములైన ప్రాచీనస్థానములు పలుమాఱు కానవచ్చును. మొదటివి, పొలముల నడుమను కొండచఱియల మీఁదను ఒంటిగానో వలయముగానో నిలిపిన పెద్దఱాలు. రెండవవి, క్రైస్తవసిద్ధుల పేరులతో వ్యవహరింపఁబడుచు, రోగములఁ బాపునని జనులు నమ్మిన నీటియూటలు, నూతులు. ఈ రెంటిని గుఱించియు యాత్రాగ్రంథములలో నొకేమాట తఱచుగా వినవచ్చును. ఇవి డ్రూయిడులను పూర్వపురోహితుల యాలయములును తీర్థములును అనియు, క్రైస్తవమతము వచ్చిన పిమ్మటఁ బేరులు మాత్రము మాఱినవనియు నామాటకు సారము. ఇందు మూఁడు ప్రతిజ్ఞలు కలిసియున్నవి. ఱాలకు డ్రూయిడులతో సంబంధము కలదనుట యొకటి. నూతులపూజ క్రైస్తవమునకుఁ బూర్వమైనదనుట రెండవది. ఱాలును నూతులును ఒకే మతమునకుఁ జేరినవనుట మూఁడవది. ఈ మూఁటికిని ప్రమాణబలము సమానము కాదు. ఏది యెంతవఱకు నిలుచునో వేఱుపఱచి చూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మన శాస్త్రములయందు, వక్త యెవ్వఁడో తెలియక పరంపరగా వచ్చుమాటకు ఐతిహ్యమని పేరు. పౌరాణికులు దానిని ప్రత్యేకప్రమాణముగా నెన్నిరి. నైయాయికులు దానిని శబ్దమునందే చేర్చిరి. శబ్దము ప్రమాణమగుటకు వక్త యాప్తుఁడు కావలయును. స్కాట్లండు ఱాలను గూర్చియు నూతులను గూర్చియుఁ గల కథలలోఁ బెక్కులు ఐతిహ్యములే. కాఁబట్టి యీ విచారమున మొదట నడుగవలసిన ప్రశ్న యిది: చెప్పినవాఁ డెవఁడు? ఎప్పుడు చెప్పెను? దాని నెఱుఁగుటకు వానికి సాధన మేమి?

1. ఱాల కాలము

లూయిసు ద్వీపముయొక్క పడమటివైపున కలనిష్ అను గ్రామము కలదు. అచ్చటి శిలావలయమున 13 ఱాలు నిలిచియున్నవి. వాని నడుమ ఇంచుమించు 4.8 మీటరుల యెత్తుగల మహాశిల యొకటి కలదు. వలయమునుండి నాలుగు వైపులకును ఱాలవరుసలు సాగును. ఉత్తరపువైపున రెండు వరుసలు వీథివలె నేర్పడినవి. పీటు అనెడి, చివికిన నాచులతో నేర్పడు నల్లనేల, అనేకశతాబ్దములలోఁ బెరిగి, దాదాపు 1.5 మీటరుల మందమున నీ ఱాల మొదళ్ళను గప్పివేసెను. 1857వ సంవత్సరమున నా ద్వీపమునకు స్వామియైన జేమ్సు మాథిసన్ దానిని తీయించెను. 1980, 1981 సంవత్సరములలో పాట్రిక్ ఆష్మోర్ నడపిన త్రవ్వకములవలన, ఈ ఱాలు క్రీ. పూ. 2900 – 2600 నడుమ నిలుపఁబడినవని తేలినది. కొంతకాలమైన పిమ్మట వలయము లోపల నొక చిన్న సమాధిగృహము కట్టఁబడినది.

తూర్పుతీరమునందలి ఆబర్డీను మండలమున వేఱొకవిధమగు వలయములు సుమారు డెబ్బది కలవు. వీనిలో నైరృతి దక్షిణముల నడుమ నొక పెద్దఱాయి ప్రక్కగాఁ బరుండఁబెట్టఁబడి, దాని కిరుప్రక్కలను రెండు పొడవైన ఱాలు ద్వారపాలకులవలె నిలిచియుండును. 1999, 2000 సంవత్సరములలో రిచర్డు బ్రాడ్లీ టామ్నవేరీ యను చోటఁ ద్రవ్వించి చూడఁగా, అచ్చట మొదట ఱాతికుప్ప యేర్పడెననియు, నిలువుఱాల వలయము దాని చుట్టును తరువాతనే వచ్చెననియుఁ గనఁబడెను. ఆ కుప్పకుఁ గాలము క్రీ. పూ. 2500 ప్రాంతము. అనఁగా వలయము అచ్చటి కార్యమునకు ఆరంభము కాదు, సమాప్తి. దేవాలయమును ముందు కట్టి పిదపఁ బూజ మొదలిడుదురను మన యూహ యిచ్చటఁ జెల్లదు.

ఇఁక డ్రూయిడుల మాట. వారి సంగతి మనకుఁ దెలియుట క్రీ. పూ. 1వ శతాబ్దమున జూలియస్ సీజరు మొదలగు రోమక గ్రీకు రచయితల వ్రాఁతలవలననే. కలనిష్ ఱాలు నిలిచిన కాలమునకును సీజరు కాలమునకును నడుమ రెండువేల యైదువందల యేండ్లకుఁ దక్కువ కాని యంతరము కలదు. అశోకుని శాసనములకును మనకును గల యెడముకంటె నిది హెచ్చు. ఇంత యెడమునుదాఁటి యొకే పురోహితవర్గము వచ్చెననుటకు మధ్యప్రమాణము వలయును. అట్టి దేదియుఁ గానరాదు.

2. డ్రూయిడుల పేరు వచ్చిన విధము

పేరు లేనిచోట పేరెట్లు వచ్చెనో చూతము. లూయిసు ద్వీపవాసియగు జాన్ మారిసన్ 1680 ప్రాంతమునఁ దన ద్వీపమును వర్ణించుచు, ఈ ఱాలు మాంత్రికుఁ డొకఁడు ఱాళ్ళుగా మార్చిన మనుష్యులని జనులు చెప్పుకొందురని వ్రాసెను. గేలిక్ భాషలో నిట్టి ఱాలకు బొంకుమనుష్యులను నర్థమిచ్చు పేరొకటి కలదు. దూరమునుండి చూచువారికి మనుష్యులవలె భ్రాంతి గొలుపునవని భావము. మారిసన్ వ్రాఁతలో డ్రూయిడుల ప్రసంగము లేదు. 1703లో వెలువడిన మార్టిన్ మార్టిన్ పుస్తకమున నీ ఱాలే పూర్వమతపుఁ బూజాస్థానమయ్యెను. ప్రధానడ్రూయిడు నడిమిశిలచెంత నిలిచి జనులకు బోధించెడివాఁడను మాటయుఁ జేరెను. ఇరువదియేండ్ల పైచిలుకులో ఐతిహ్య మీవిధముగా మాఱినది.

ఈ మార్పునకుఁ గారణము దొరకుచున్నది. ఇంగ్లండునందు జాన్ ఆబ్రీ అను విద్వాంసుఁడు శిలావలయములు డ్రూయిడుల యాలయములని యూహించి, దానికి సాక్ష్యములు గోరి దేశాంతరములలోని పండితులకు జాబులు వ్రాయుచుండెను. 1692లో నతనికిఁ బ్రత్యుత్తరమిచ్చినవాఁడు ఆబర్డీను నగరమున మతశాస్త్రాచార్యుఁడగు జేమ్సు గార్డెన్. ఈతఁడు తన మండలమునఁ గల వలయములఁ బరిశీలించి, జనుల నడిగి, వానిని పూర్వమతపుఁ బూజాస్థానములని చెప్పుదురని తెలిపెను. కాని ఆ ఱాల పేరులయందుఁగాని వానిని గూర్చిన కథలయందుఁగాని డ్రూయిడులను బ్రత్యేకముగాఁ దెలుపునది తన కేమియుఁ గనఁబడలేదనియు స్పష్టముగా వ్రాసెను. అడిగినవాని కోరిక యెట్లున్నదో యెఱిఁగియు, తన కన్నదానికంటె నొక్కమాటయు నెక్కువ చెప్పని యీ యుత్తరము పరిశోధకుల కందఱకును ఆదర్శము. కాని లోకము గార్డెన్‌ను విడిచి ఆబ్రీ యూహను బట్టినది. 1740లో విలియం స్టూక్లీ ప్రకటించిన గ్రంథముతో డ్రూయిడులు ప్రతిశిలావలయమునకును స్వాములైరి.

ఆ పేరు సముద్రము దాఁటి మన దక్కనునకును వచ్చినది. నైజాము కొలువునఁ బనిచేసిన మెడోసు టెయిలర్ 19వ శతాబ్దపు నడుమ దక్కనులోని శిలాసమాధులను వర్ణించుచు, వానికి బ్రిటనునందలి వలయములతోఁ బోలిక చూపి, డ్రూయిడుల పేరును బేర్కొనెను. మన సమాధులలో నినుపపనిముట్లు దొరకుచున్నవి. స్కాట్లండు వలయములు అచ్చట నినుము తెలియుటకు ఇంచుమించు రెండువేల యేండ్లు ముందువి. ఆకారసామ్యముచేత వంశసంబంధము సిద్ధింపదు. మన పల్లెవారు వీనిని రాకాసిగుళ్ళనియుఁ బాండవుల గుళ్ళనియు ననుటయు, లూయిసువారు మంత్రబద్ధులైన మనుష్యులనుటయు నొక్కతీరే: కట్టినవాని పేరు మఱచిన జనులు తమ కథలలోని వానికిఁ గర్తృత్వము కట్టిపెట్టుదురు.

ఆకారముచేఁ గాలము నిర్ణయించుటలోఁ గల యపాయమునకు మఱియొక నిదర్శనము. 2018 చివర ఆబర్డీను మండలమునందలి లియోకెల్–కుష్నీ గ్రామప్రాంతమున నెవ్వరు నెఱుఁగని వలయ మొకటి కనుఁగొనఁబడినదని ప్రకటించిరి. పరుండఁబెట్టిన ఱాయియు, ప్రక్కఱాలును సరిగా నుండెను. 2019 జనవరిలో నా పొలమునకుఁ బూర్వము యజమానియైనవాఁడు దానిని 1990 దశకమునఁ దానే కట్టితినని తెలిపెను. చెప్పుటకు మనుష్యుఁడు బ్రదికియుండుటచేత సత్యము తెలిసినది. ఇంకొక తరము కడచినయెడల ఐతిహ్యము పుట్టియుండెడిది.

3. నూతుల చరిత్రము

ఱాల విషయమున భూమి చెప్పును, వ్రాఁత చెప్పదు. నూతుల విషయమున దీనికి విపర్యయము: నీటియూటకు వయస్సు కట్టలేము గాని వ్రాఁత సమృద్ధిగాఁ గలదు. ఆ వ్రాఁతలోఁ బెద్దభాగము నిషేధించినవారిదే.

మొదటి సాక్ష్యము క్రీ. శ. 700 ప్రాంతమున అయోనామఠాధిపతియగు ఆడమ్నాన్ రచించిన కొలంబా చరిత్రము. కొలంబా 597లో మరణించెను. ఆయన పిక్టుల దేశమున నుండఁగా, అన్యమతస్థులు దైవముగాఁ బూజించు నూయి యొకటి కలదని వినెను. దాని నీరు త్రావినవారును అందుఁ గాలుసేతులు గడిగికొన్నవారును కుష్ఠముచేతనో గ్రుడ్డితనముచేతనో పీడితులగుచుండిరి. ఆ భయముచేతనే పూజ జరుగుచుండెను. కొలంబా దానిని పావనముచేసి, కాలుసేతులు గడిగికొని, శిష్యులతోఁగూడ నా నీరు త్రావెను. నాఁటినుండి యది రోగముల మాన్పుచుండెనని ఆడమ్నాన్ కథనము.

ఈ కథవలన, క్రైస్తవమునకుఁ బూర్వము నూతులపూజ యుండెనని ఆ మతాచార్యులే యొప్పుకొనిరని తేలుచున్నది. కావున రెండవ ప్రతిజ్ఞకుఁ గొంత బలము కలదు. అయినను పేరు మాత్రమే మాఱినదనుట యిచ్చటఁ జెల్లదు. ఇందు మాఱినది స్వభావము: చెఱుపు చేయునది మేలుచేయునదైనది. మఱియు నా నూయి యెచ్చటిదో కథలో గుఱుతు లేదు. నేఁడు కానవచ్చు ఫలానానూయి యదియే యనుటకుఁ గాని, ప్రతినూయియు నట్టిదే యనుటకుఁ గాని యిది సాధనము కాదు.

1560లో స్కాట్లండున మతసంస్కరణము జరిగెను. ఆ సంవత్సరముననే ఎడింబరో సమీపమునందలి రెస్టల్రిగ్ దేవాలయమును విగ్రహారాధనకు గుఱుతుగా నెంచి పడఁగొట్టవలసినదని ఆజ్ఞ పుట్టెను. అచ్చట ట్రిడుయానా యను సిద్ధురాలి పేర నేత్రరోగముల మాన్పునని ప్రసిద్ధిగన్న నూయి కలదు. 15వ శతాబ్దమున దానిపైఁ గట్టిన ఆఱుకోణముల మండపమునందలి క్రిందిభాగము నేఁటికిని మిగిలియున్నది. 1581లో ఆఱవ జేమ్సు రాజు కాలమున నూతులకును శిలువలకును మందిరములకును యాత్రలు సేయుట శాసనముచే నిషేధింపఁబడెను. మొదటి తప్పునకు అంతస్తును బట్టి ధనదండనము. రెండవ తప్పునకు మరణదండనము. 1624లో మెంటీత్ ప్రాంతమునందలి క్రీస్తునూతియొద్ద మే మాసారంభమునఁ గూడువారిని బట్టి డూన్ కోటలోఁ జెఱపెట్టుఁడని రాజమంత్రిసభ యుత్తరువు చేసెను. అనఁగా నలువది యేండ్లు గడచినను శాసనము నెఱవేఱలేదనుట.

మఱియొక విశేషము. 1581నాఁటికి బాలుఁడైన యా జేమ్సే, ఇంగ్లండునకును రాజై, 1617లో స్వదేశమునకు వచ్చినపుడు ఎడింబరోకు దక్షిణమునఁ గల లిబర్టన్ తైలకూపమును దర్శించి, దానికి ఱాతికట్టడమును మెట్లును దలుపును గట్టింపుఁడని యాజ్ఞాపించెను. ఆ నూతినీటిమీఁద నల్లనినూనె తెట్టెకట్టును. చర్మరోగములకు మందని ప్రసిద్ధి. సీనాయి కొండనుండి కాథరిన్ అను సిద్ధురాలి తైలమును దెచ్చుచుండఁగా నొకబొట్టు జాఱిపడినదని కథ. భూమిలోని నూనెఱాతి పొరలే దీనికిఁ గారణమని నేఁటివారి నిర్ణయము. యాత్ర చేసిన పేదవానికి దండనము, రాజు చేసిన దానికి మండపము. 1650లో క్రాంవెల్ సైనికులు దానిని జెఱచిరి. పిదప మరలఁ బాగుచేయఁబడెను.

4. మరీ సరస్సును ప్రదక్షిణమును

నామనిర్వచనమువలనఁ గలుగు లాభమును భ్రమయు నొకేచోటఁ జూపుటకు మరీ సరస్సు తగిన యుదాహరణము. ఆ పేరును వినినవారికి క్రీస్తుమాతయగు మేరీ తోఁచును. టోబర్మోరీ పట్టణము విషయమున నట్టి నిర్వచనమే సరియైనది. టోబర్ అనఁగా గేలిక్ భాషలో నూయి, అది మేరీనూయి. కాని సరస్సు విషయమున నది పొరపాటు. 673లో ఆపిల్‌క్రాసు మఠమును స్థాపించి 722లో మరణించిన మేల్రూవా యను సిద్ధుని పేరే జనులనోట మౌరీ యనియు మరీ యనియు నైనది. సరస్సులోని ద్వీపమున నాతని పేరుగల నూయి కలదు. అది చిత్తభ్రమను మాన్పునని నమ్మిక.

1656లో డింగ్వాల్ ప్రాంతపు మతాధికారులసభ యీ ప్రాంతమును విచారించి వ్రాసికొన్న నివేదిక మిగిలియున్నది. ఆగస్టు 25వ తేదిని మౌరీకి ఎద్దులను బలియిచ్చుట, కొండలమీఁద పాలు పోయుట, నూతులను బూజించుట, పాడువడిన మందిరములకుఁ బ్రదక్షిణము సేయుట అందుఁ బేర్కొనఁబడినవి. ప్రయాణమైపోవువారు గుండ్రనిఱాతి తూఁటిలో తల పట్టునో లేదో చూచి, పట్టినచో మరలివత్తుమని నమ్ముటయు నందే కలదు. 1678లోఁ గూడ రోగిక్షేమముకొఱకు ఎద్దును బలియిచ్చిన యొక కుటుంబమును విచారణకుఁ బిలిచిరి. 1772లో థామసు పెనెంట్ చూచినపుడు బలులు లేవు. పిచ్చివానిని ద్వీపమునకుఁ గొనిపోయి, కానుక లిడి, నూతినీరు త్రావించి, సరస్సులో మూఁడుమాఱులు ముంచుచుండిరి. తరువాతికాలమువారు నూతిచెంతనున్న చెట్టుమానిలో నాణెములు గొట్టసాగిరి; 1877లో విక్టోరియా రాణియు నట్లు కానుక యిచ్చెను. నాణెముల లోహముచేత నాచెట్టు చచ్చినది. మౌరీ మేల్రూవాకుఁ బూర్వపు దేవత యని కొంద ఱందురు. సిద్ధుని కాలమునకుఁ బిమ్మటఁ దొమ్మిదివందల యేండ్లకు వ్రాసిన నివేదిక దానికిఁ జాలదు. సిద్ధుఁడే జనులకు దైవమయ్యెననుటకు మాత్ర మది చాలును.

ఇట్టి చోట్లఁ దిరుగువిధమునకు గేలిక్ భాషలో డెషల్ అని పేరు. సూర్యుఁడు నడచినట్లు కుడిప్రక్కగాఁ దిరుగుట. దీని మూలమైన డెస్ అను శబ్దమునకుఁ గుడి యనియు దక్షిణదిక్కనియు రెండర్థములు కలవు. సంస్కృతమున దక్షిణశబ్దమునకు నీ రెండర్థములే; తూర్పుమొగముగా నిలిచినవానికిఁ గుడిప్రక్కయే దక్షిణము. శబ్దము లేకమూలము లనుటలో భాషాశాస్త్రజ్ఞులకు సంశయము లేదు. మార్టిన్ తన 1703నాఁటి గ్రంథమున స్కై ద్వీపమునందలి సియంట్ సరస్సు నూతిని వర్ణించుచు, జనులు నీరు త్రావి, మూఁడుమాఱు లిట్లు తిరిగి, ప్రక్కఱాతిమీఁద సూదులో గుడ్డపేలికలో విడిచిపోవుదురనియు, నచ్చటి చేఁపలను బట్టరనియు, చెట్లను గొట్టరనియు వ్రాసెను. మన ప్రదక్షిణము తలఁపునకు వచ్చుట సహజము. అయినను శబ్దబంధుత్వము శబ్దమునందే నిలుచును. ఆచార మొకచోటినుండి యొకచోటికిఁ బోయెననుటకు వేఱుప్రమాణము వలయును.

గుడ్డ కట్టు నాచారము నేఁటికిని గలదు. ఇన్వర్నెసునకు ఉత్తరమునఁ గల మన్‌లాఖీ యొద్ద నూతిచుట్టునున్న చెట్లకు వేలకొలఁది పేలికలు వ్రేలాడుచుండును. రోగి యంగమును దడిసిన గుడ్డతోఁ దుడిచి కట్టుదురు. గుడ్డ చివికినకొలఁది రోగము తగ్గునని నమ్మిక, విప్పినవానికి ఆ రోగము సోఁకునని వెఱపు. చివుకని కృత్రిమవస్త్రములు కట్టువా రిప్పుడు హెచ్చినందున, చెట్లకుఁ గీడే గాక ఆచారముయొక్క యర్థమునకును భంగము కలుగుచున్నది.

5. ఱాలును నూతులును

ఇఁక మూఁడవ ప్రతిజ్ఞ. ఱాలును నూతులును ఒకే భక్తికిఁ బాత్రములగుట చూచియే యున్నాము: 1656నాఁటి నివేదికలో నవి రెండును గలవు. కిల్లిన్ గ్రామమున ఫిల్లన్ సిద్ధునివని చెప్పు ఎనిమిది ఱాలు కలవు. ఒక్కొక్కటి యొక్కొక్క యంగమునకు మందు. ప్రతిసంవత్సరమును క్రిస్మసునకు ముందునాఁడు, ఏటిలోఁ గొట్టుకొనివచ్చిన గడ్డితోను పుల్లలతోను వానికిఁ గ్రొత్తపడక వేయుదురు. కాని యీ సాక్ష్యములన్నియుఁ జారిత్రకకాలపు జనులవి. నాలుగువేల యైదువేల యేండ్లనాఁడు ఱాలు నిలిపినవారికిని నూతులకును గల సంబంధమును అవి చెప్పవు. మిడ్మార్ గ్రామమున 1787లోఁ గట్టిన క్రైస్తవదేవాలయపు టావరణలోనే శిలావలయము నిలిచియున్నది. ప్రక్కప్రక్క నుండుటచేత నవి రెండు నొకే మతమువి కావు గదా.

ఆర్క్నీ ద్వీపములయందలి ఓడిన్ శిల యీ విషయమును బాగుగాఁ దెలుపును. ఓడిన్ నార్వేవారి దేవత. నార్వేవా రచ్చటికి వచ్చినది క్రీ. శ. 9వ శతాబ్దపు ప్రాంతమున. ఆ శిల సమీపమునఁ గల స్టెన్నెస్సు వలయమునకుఁ గాలము క్రీ. పూ. 3100 ప్రాంతము. ఓడిన్ శిల యా వలయకాలపుదే యైనచో, పేరునకును శిలకును నాలుగువేల యేండ్ల యెడము. శిలకుఁ దూఁటు కలదు. వధూవరు లిరుప్రక్కల నిలిచి యందుఁ జేతులు గలిపి ప్రమాణము చేసికొనిరేని వివాహముతో సమానము. శిశువును దూఁటిగుండ దాఁటించినచో వాతరోగము రాదని నమ్మిక. వచ్చినవారు రొట్టెనో జున్నునో గుడ్డనో విడిచిపోవుచుండిరి. 1814 డిసెంబరులో, ఆ భూమిని కౌలుకుఁ బుచ్చుకొన్న పరస్థలపు రైతు, జనులు తన పొలమును ద్రొక్కుచున్నారని, ఆ శిలను బగులఁగొట్టెను. వలయములోని యొక ఱాతిని గూల్చి వేఱొకదానిని ఖండించెను. జనులు వాని యింటికి నిప్పుపెట్టఁజూచిరి. అధికారులు వానిని నిలిపిరి. కాని శిల పోయినది. ఆ పేరు కట్టినవారినిఁ జెప్పదు; అయినను అచ్చటఁ బ్రమాణము చేసినవారి చరిత్రము అందే యుండెను.

6. నిగమనము

మొదటి ప్రతిజ్ఞ కాలవిరోధముచేత బాధితము. రెండవది యొకచోట సిద్ధము, సర్వత్ర సాధ్యమే. మూఁడవది చారిత్రకకాలమున సత్యము, నిర్మాణకాలమున నిరాధారము. ఇట్లనుటచేత ఐతిహ్యములు త్రోసివేయఁదగినవని కాదు. ఱాయి వయస్సు విషయమున వక్త యాప్తుఁడు కాఁడు. తన నమ్మిక విషయమున వానికంటె నాప్తుఁడు లేఁడు. మారిసన్, గార్డెన్, మార్టిన్, డింగ్వాల్ మతాధికారులు – వీరు తాము వినినదానిని సంవత్సరముతోఁగూడ వ్రాసిపెట్టుటచేతనే, ఏ మాట యెప్పుడు పుట్టినదో మన మిప్పుడు చెప్పఁగలుగుచున్నాము.

ఈ ప్రశస్తి మన దేశమునకును సంబంధించినదే. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్యల సహాయమునఁ దెలుఁగు గ్రామముల కైఫీయతులను శాసనములతోఁగూడ సమకూర్చిన కాలిన్ మెకంజీ ఆ లూయిసు ద్వీపమునందలి స్టోర్నోవే గ్రామమునఁ బుట్టినవాఁడు. ఆ కైఫీయతులలో స్థలపురాణ మొకప్రక్కను, దానపత్రము వేఱొకప్రక్కను నుండుటచేత, ఏది ఐతిహ్యమో యేది లేఖ్యమో చదువరి తెలిసికొనవచ్చును. మన పాఠశాలలకుఁ జుట్టునున్న పొలములలో రాకాసిగుళ్ళు ఱాతిపనికిని సేద్యమునకును నానాఁటికి మాయమగుచున్నవి. వానిని గుఱించి గ్రామవృద్ధులు చెప్పునది, చెప్పినవారి గ్రామమును, విన్న సంవత్సరమును జేర్చి, ఒక్కమాటయు నెక్కువ చేయక వ్రాసియుంచుట ప్రతిపండితునకును సాధ్యమే. కాలనిర్ణయము త్రవ్వకమువారు తరువాతఁ జేయుదురు. చెప్పువాఁడు పోయినచో ఆ మాట మాత్రము మరల దొరకదు.